మందులకూ విమానాలకూ కుదిరిన నియంత్రణ కంప్యూటర్లకూ ఇంటర్నెట్టుకూ ఎందుకు కుదరడం లేదు?

ప్రశ్న అడిగినవారు: జిజ్ఞాసువు

నేను పరిపాలనా శాస్త్రం చదువుతున్నాను. త్వరలో సమర్పించవలసిన వ్యాసానికి కంప్యూటర్ల మీద, ఇంటర్నెట్టు మీద ప్రభుత్వ నియంత్రణలో ఎదురయ్యే చిక్కులను అంశంగా ఎంచుకున్నాను. చదివిన రచనల్లో దాదాపు అందరూ ఒకే కారణం చెప్పి ఊరుకున్నారు: సాంకేతికత పరుగెత్తుతుంది, చట్టం నెమ్మదిగా నడుస్తుంది. ఈ జవాబు నాకు తృప్తినివ్వలేదు. విమానాల సాంకేతికత కూడా వేగంగానే మారింది, కొత్త మందులు ఏటా వస్తూనే ఉన్నాయి. అయినా ధ్రువపత్రం లేని ప్రయాణికుల విమానం గాలిలోకి లేవదు, పరీక్షలు పూర్తికాని మందు దుకాణానికి చేరదు. అదే పద్ధతిలో, హాని చేసే ప్రోగ్రామును కంప్యూటరులో నడవనివ్వకుండా, నిషేధించిన సమాచారాన్ని ఇంటర్నెట్టులో కదలనివ్వకుండా చేయడానికి అడ్డేమిటి?

నా సందేహంలో రెండు ముక్కలున్నాయి. ఈ కష్టం యంత్రం స్వభావంలోనే ఉందా, లేక ప్రభుత్వాలు పట్టవలసిన చోట పట్టుకోకపోవడం వల్ల వచ్చిందా? ఇప్పటివరకు జరిగిన ప్రయత్నాల్లో నిజంగా పనిచేసినవి ఏవైనా ఉన్నాయా, ఉంటే అవి ఎందుకు పనిచేశాయి? ఈ రంగంలో పనిచేసినవారు ఉదాహరణలతో చెబితే మేలు చేసినవారవుతారు. "ఇంటర్నెట్టుకు సరిహద్దులు లేవు" అనే వాక్యం మాత్రం నాకు ఇప్పటికే కావలసినన్ని సార్లు దొరికింది.

సమాధానం: తంత్రీజాలం

జిజ్ఞాసువు గారూ, సగం కష్టం యంత్రం స్వభావంలోనే ఉంది. కుట్టుమిషనుకు కుట్టడం తప్ప మరొకటి రాదు. కంప్యూటరు అలా కాదు, ఏ ఆదేశాల వరుస ఇస్తే ఆ యంత్రంగా మారిపోతుంది. "ఈ ఒక్క రకం ప్రోగ్రాము తప్ప మిగతావన్నీ నడిపే కంప్యూటరు" అనేదాన్ని ఎవరూ తయారు చేయలేరు. చేయగలిగిందల్లా, మామూలు కంప్యూటరులోనే యజమాని ఏం నడుపుతున్నాడో కనిపెట్టి అడ్డుపడే మరొక ప్రోగ్రామును కాపలాగా కూర్చోబెట్టడం. ఆ కాపలాదారును తప్పించడం కూడా ఇంకొక ప్రోగ్రాము చేయగల పనే కనుక, మీరు చెప్పిన విమానం పోలిక ఇక్కడే తెగిపోతుంది.

నెట్‌వర్కు సంగతీ అంతే. సమాచారాన్ని దారి చూసి పంపే యంత్రం రూటర్. దాని దగ్గరకు వచ్చిన ప్యాకెట్టు, అంటే సమాచారపు చిన్న మూట, మీద గమ్యం చిరునామా ఉంటుంది, రూటర్ దాన్ని చూసి ముందుకు తోస్తుంది. లోపల ఏముందో చూడవలసిన అవసరం దానికి లేదు, ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని తాళంచెవి ఉన్నవారికే అర్థమయ్యేలా మార్చడం) సర్వసాధారణమైన ఈ రోజుల్లో చూసినా అర్థం కాదు. కనుక "ఫలానా పుటను ఆపండి" అని ఉత్తర్వు వచ్చినప్పుడు మా చేతిలో ఉండేవి మొద్దు పనిముట్లు: ఆ సైటు పేరును డీఎన్‌ఎస్‌లో (పేరు చెబితే చిరునామా ఇచ్చే వ్యవస్థలో) దొరకకుండా చేయడం, లేదా ఆ సర్వరు ఐపీ చిరునామాకు (నెట్‌వర్కులో దాన్ని గుర్తించే అంకెల వరుసకు) దారి మూసేయడం. మొదటిదాన్ని, వాడేవారు వేరే డీఎన్‌ఎస్ పెట్టుకుని నిమిషంలో దాటేస్తారు. రెండవదాని వల్ల అదే చిరునామాను పంచుకునే వందలాది ఇతర సైట్లు కూడా మూతపడతాయి.

ఇంటర్నెట్ సేవలందించే ఒక సంస్థలో నేను తొమ్మిదేళ్లు ఈ పనే చేశాను. నిలిపివేత ఉత్తర్వులు మాకు స్కాన్ చేసిన కాగితాలుగా వచ్చేవి. బొమ్మలో ఉన్న అక్షరాలను కాపీ చేయడానికి వీలుండదు కనుక ఒకరు చదువుతుంటే మరొకరు టైపు చేసేవాళ్లం. ఒకరోజు మసకబారిన కాగితంలో చిన్న 'ఎల్' అక్షరానికీ 'ఒకటి' అంకెకూ తేడా తెలియక, ఉత్తర్వుతో ఏ సంబంధమూ లేని ఒకరి సైటును ఆపేశాం. ఆయన ఫోను చేసి కారణం అడిగితే, ఉత్తర్వు గోప్యం కనుక కారణం చెప్పకూడదన్నారు మా పైవాళ్లు. తప్పు దిద్దడానికి నాలుగు రోజులు పట్టింది. చట్టం చదివేవారికి చట్టం పాఠం కనిపిస్తుంది, మాకు కనిపించింది ఆ మసక కాగితం.

ఇది చిన్న విషయం. పెద్దదానికి 2008 ఫిబ్రవరి 24న జరిగింది చూడండి. పాకిస్తాన్ ప్రభుత్వం యూట్యూబును తమ దేశంలో ఆపమన్నది. యూట్యూబు అప్పట్లో 208.65.152.0/22 అనే చిరునామాల గుంపును తనదిగా ఇతర నెట్‌వర్కులకు ప్రకటించేది, అందులో 1,024 చిరునామాలుంటాయి. పాకిస్తాన్ టెలికాం ఆ గుంపులోంచి 256 చిరునామాల చిన్న ముక్కను, 208.65.153.0/24ను, తన దగ్గరకు వచ్చేలా ప్రకటించింది. దేశం లోపలి రాకపోకలు గోతిలో పడాలన్నదే ఉద్దేశం. ఆ ప్రకటన పొరపాటున హాంకాంగ్ సంస్థ పీసీసీడబ్ల్యూ ద్వారా బయటికి పొక్కింది. రెండు దారులు కనిపించినప్పుడు ఇంకా నిర్దిష్టంగా ఉన్న చిన్న గుంపునే నమ్మడం రూటర్ల నియమం, కాబట్టి ప్రపంచంలో చాలా చోట్ల యూట్యూబుకు వెళ్లవలసిన రాకపోకలు ఆ గోతిలోకే వెళ్లాయి. యూట్యూబు ఇంజనీర్లు అదే నియమాన్ని తమకు అనుకూలంగా తిప్పుకుని, 128 చిరునామాల ముక్కలుగా ప్రకటించి కొంత రాకపోకలను వెనక్కి లాక్కున్నారు. మొత్తం వ్యవహారం సుమారు రెండు గంటలు సాగింది. ఒక దేశం తన అధికార పరిధిలోనే ఇచ్చిన ఉత్తర్వు తక్కిన దేశాలకు కూడా వర్తించిపోయింది!

2018 ఏప్రిల్‌లో రష్యా టెలిగ్రామును ఆపబోయి, అమెజాన్, గూగుల్ క్లౌడులకు చెందిన కోటికి పైగా చిరునామాలను మూసింది. వాటి మీద ఆధారపడిన ఇతర సేవలు దెబ్బతిన్నాయి, టెలిగ్రాము మాత్రం నడుస్తూనే ఉంది, చివరకు 2020 జూన్‌లో ఆ నిషేధాన్నే ఎత్తివేశారు. దొంగతనంగా ప్రసారమయ్యే ఫుట్‌బాల్ ఆటలను 30 నిమిషాల్లో ఆపాలని ఇటలీ పెట్టిన వ్యవస్థ 2024 అక్టోబరులో గూగుల్ డ్రైవుకు తాళం వేసింది. కనుక ఇంటర్నెట్టులో దేన్నైనా ఆపబోతే, దాన్ని ఒక్కదాన్నే ఆపడం సాధ్యం కాదు.

సమాధానం: వకాల్తా

తంత్రీజాలం గారు చెప్పిన సంఘటనలతో నాకు పేచీ లేదు, వాటినుంచి తీసిన నిర్ణయంతో ఉంది. "సాంకేతికంగా సాధ్యం కాదు" అనే మాటను న్యాయస్థానాలు పాతికేళ్లుగా వింటున్నాయి, అది ప్రతిసారీ నిజం కాలేదు.

2000లో పారిస్ న్యాయస్థానం నాజీ వస్తువుల వేలంపాటలు ఫ్రాన్సులోని వారికి కనబడకుండా చేయమని యాహూను ఆదేశించింది. ఎవరు ఏ దేశంలో కూర్చుని చూస్తున్నారో కనిపెట్టడం అసాధ్యమని యాహూ వాదించింది. న్యాయస్థానం ముగ్గురు నిపుణులను నియమించింది, వారిలో ఇంటర్నెట్టు ప్రోటోకాల్ రూపకర్తల్లో ఒకరైన వింట్ సెర్ఫ్ కూడా ఉన్నారు. ఐపీ చిరునామాను బట్టి సుమారు 70 శాతం మందిని గుర్తించవచ్చని, దానికి తోడు దేశం ఏదో వాడేవారినే అడిగితే 90 శాతానికి చేరవచ్చని వారు తేల్చారు. అసాధ్యమన్న సంస్థే 2001 జనవరిలో ఆ వస్తువులను తన వేలం నుంచి తీసేసింది. ఈనాడు ఒక సినిమా ఒక దేశంలో కనిపించి పక్క దేశంలో కనిపించకపోవడం మనకు వింతగా తోచదు. ఆదాయం కోసం గీయవలసి వచ్చినప్పుడు ఆ సరిహద్దు గీతలు చకచకా పడ్డాయి.

నా వృత్తిలో కనిపించే అడ్డంకులు వేరు. మొదటిది, నేరం జరిగిన చోట చట్టమే ఉండకపోవడం. 2000 మేలో 'ఐ లవ్ యూ' అనే వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లను ముంచెత్తింది. దాన్ని రాసిన యువకుడి జాడ ఫిలిప్పీన్స్‌లో దొరికింది, కానీ ఆ పనిని నేరంగా చెప్పే చట్టం ఆనాడు అక్కడ లేదు. చట్టం జూన్‌లో వచ్చింది. అయితే గడిచిన పనికి కొత్త చట్టాన్ని వర్తింపజేయకూడదు కనుక అతని మీది అభియోగాలను వదులుకోవలసి వచ్చింది.

రెండవది సాక్ష్యం. నేరస్థుడు, బాధితుడు, పోలీసు ఒకే ఊరివారైనా, వారి ఈమెయిలు వేరే ఖండంలోని సర్వరులో ఉండవచ్చు. డబ్లిన్‌లో నిల్వ ఉన్న ఈమెయిళ్ల కోసం అమెరికా ప్రభుత్వం 2013లో మైక్రోసాఫ్టుకు వారంటు ఇచ్చింది. వారంటు దేశం దాటదని సంస్థ, సంస్థ మన దేశంలోనే ఉంది కదా అని ప్రభుత్వం నాలుగేళ్లకు పైగా వాదించుకున్నాయి. సుప్రీంకోర్టు తీర్పు చెప్పకముందే 2018 మార్చిలో అమెరికా కాంగ్రెసు, సమాచారం ఏ దేశంలో నిల్వ ఉన్నా వారంటు వర్తిస్తుందని క్లౌడ్ చట్టం చేసి వివాదాన్నే లేకుండా చేసింది. ఇద్దరి వాదనలోనూ బలం ఉంది, నన్నడిగితే ఇప్పటికీ ఉంది. ఇంకో వైపు చూస్తే, పాత సమాచారాన్ని వెతుకులాట ఫలితాల నుంచి తొలగించమని కోరే హక్కును 2014లో గుర్తించిన ఐరోపా న్యాయస్థానమే, ఆ తొలగింపును ప్రపంచమంతటా అమలు చేయవలసిన పని లేదని 2019 సెప్టెంబరులో గూగుల్‌కు వెసులుబాటు ఇచ్చింది.

మూడవదాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ప్రభుత్వం కోట్లాది మంది వెంట పడలేదు కాబట్టి మధ్యవర్తిని, అంటే వాడేవారి రాతలను ఉంచే వెబ్ వేదికను, పట్టుకుంటుంది. వాడేవారు రాసినదానికి వేదికను బాధ్యురాలిని చేస్తే, అది భయంతో నిరపాయకరమైనవి కూడా తీసేస్తుంది. చేయకపోతే దేన్నీ పట్టించుకోదు. అమెరికా 1996లో సెక్షన్ 230 అనే చట్ట నిబంధన ద్వారా వేదికకు దాదాపు పూర్తి రక్షణ ఇచ్చింది. చాలా దేశాలు "తెలియజేశాక తీసేస్తే రక్షణ" అనే నడిమి దారి పట్టాయి. ఆచరణలో ఆ దారి ఎక్కువగా నోటీసు పంపినవారికే అనుకూలిస్తుంది, ఎందుకంటే తీసేసినందుకు వేదికకు శిక్ష లేదు, ఉంచినందుకు ఉంది.

ఇక మీరు కొట్టిపారేసిన వేగం సంగతి. అది అబద్ధం కాదు, కాకపోతే అందరూ చెప్పేదానికి తిరగబడి ఉంటుంది. ఐరోపా సంఘం కృత్రిమ మేధ చట్టం ముసాయిదాను 2021 ఏప్రిల్‌లో వెలువరించింది. ఏ వ్యవస్థను ఏ పనికి వాడుతున్నారో చూసి ప్రమాదాన్ని కొలవాలన్నది దాని ఆలోచన. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది, దానికి ఫలానా పని అంటూ లేదు. చర్చల మధ్యలో కొత్త అధ్యాయం చేర్చవలసి వచ్చింది, మోడల్‌కు, అంటే చాట్‌జీపీటీ వంటివాటి వెనక ఉండే ప్రోగ్రాముకు, శిక్షణలో ఖర్చైన లెక్కింపులు 10 ఘాతం 25 దాటితే అదనపు బాధ్యతలు పడతాయని ఒక గీత గీశారు. తంత్రీజాలం గారి కుట్టుమిషను పోలిక ఇక్కడ నాకూ పనికొస్తుందని ఒప్పుకుంటున్నాను. మరోవైపు, చచ్చిన చట్టం కూడా త్వరగా పోదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా చెప్పిన, భారత సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. ఆ సెక్షన్ కింద ఇంకా కేసులు పెడుతున్నారని 2021లో అదే న్యాయస్థానం నివ్వెరపోయింది.

వ్యాఖ్య: జిజ్ఞాసువు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒకరు కత్తి మొద్దుగా ఉందంటున్నారు, మరొకరు పట్టుకున్న చేయి సరిగా లేదంటున్నారు. నా రెండవ ప్రశ్నకు, అంటే నిజంగా పనిచేసిన నియంత్రణకు, ఇంకా జవాబు రాలేదు. వీలైతే కంప్యూటర్ల గురించి కూడా చెప్పండి, చర్చంతా ఇంటర్నెట్టు చుట్టూనే తిరిగింది.

సమాధానం: పాత కోడు

పరికరాల్లో నడిచే సాఫ్ట్‌వేరు భద్రతను పరీక్షించడం నా పని. పనిచేసినదాన్ని చెప్పేముందు, పనిచేయనిదాని వెల ఎంతకాలం కట్టవలసి వస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను.

1990లలో అమెరికా బలమైన ఎన్‌క్రిప్షన్‌ను ఆయుధాల జాబితాలో పెట్టి ఎగుమతిని నియంత్రించింది. విదేశాలకు పంపే బ్రౌజర్లలో 40 బిట్ల తాళంచెవి, ఆర్‌ఎస్‌ఏ అనే మరో తాళం పద్ధతిలో అయితే 512 బిట్లు మించకూడదని పరిమితి. తమ గూఢచారులు విప్పగలిగేంత బలహీనంగా ఉండాలన్నది అసలు ఉద్దేశం. 2000 నాటికి ఆ ఆంక్షలు చాలావరకు సడలాయి, కానీ ఆ బలహీన పద్ధతిని అర్థం చేసుకునే కోడు సర్వర్లలో అలాగే ఉండిపోయింది. దాన్ని తీసేయమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. 2015 మార్చిలో 'ఫ్రీక్' అనే లోపం బయటపడింది: మధ్యలో చేరిన దాడిదారు, బ్రౌజరునూ సర్వరునూ మోసగించి, ఆ పాత ఎగుమతి తాళాన్నే వాడేలా దించగలడు. 512 బిట్ల తాళం ఆనాటికి అద్దె కంప్యూటర్ల మీద గంటల్లో విడిపోయేది. రద్దయిన నియమం పదిహేనేళ్ల తర్వాత, అది పుట్టినప్పుడు బడికి కూడా వెళ్లని వారి సమాచారాన్ని ప్రమాదంలో పెట్టింది. చట్టాన్ని రద్దు చేయవచ్చు గాని, చట్టం కోసం రాసిన కోడు రద్దు కాదు.

"మంచివారికి మాత్రమే తెరుచుకునే తలుపు", అంటే ప్రభుత్వం చూడడానికని కావాలని ఉంచే దారి, కథ కూడా ఇలాంటిదే. గ్రీసులో 2004-05లో ప్రధానమంత్రితో సహా వందమందికి పైగా ఫోన్లను గుర్తు తెలియని వారు విన్నారు. వాళ్లు కొత్తగా ఏ యంత్రాన్నీ బిగించలేదు. చట్టబద్ధ నిఘా కోసం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముందే ఉన్న సాఫ్ట్‌వేరునే తమ వైపు తిప్పుకున్నారు. ఇప్పటికీ కొన్ని ప్రభుత్వాలు అలాంటి తలుపే అడుగుతున్నాయి.

ఇక పనిచేసినది. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాము ఇంటర్నెట్టుకు తగిలించిన కెమెరాలను, రూటర్లను లక్షల్లో వశం చేసుకుంది. అందులో గొప్ప విద్య ఏమీ లేదు, కార్ఖానాలో పెట్టి పంపే సుమారు 60 జతల పేర్లు, పాస్‌వర్డులు దాని దగ్గరున్నాయి, ఒక్కొక్కటే ప్రయత్నించింది. ఆ ఏడాది అక్టోబరు 21న ఆ సైన్యం డైన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ మీద పడితే ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి చాలామందికి అందలేదు. ఇక్కడ కెమెరా కొన్నవాడికి నష్టం లేదు, అది అతనికి మామూలుగానే పనిచేస్తుంది. అమ్మినవాడికీ నష్టం లేదు. దెబ్బ తగిలింది మూడోవాడికి. కనుక బజారు తనంతట తాను దీన్ని దిద్దుకోదు, నియంత్రణ అవసరమైన చోటు ఇదే.

బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి అమలు చేసిన చట్టం మూడు సంగతులు మాత్రమే అడిగింది: అన్ని పరికరాలకూ ఒకే పాస్‌వర్డు పెట్టి అమ్మకూడదు, లోపాలు కనిపెట్టినవారు ఎవరికి చెప్పాలో ప్రకటించాలి, భద్రతా సవరణలు ఎంతకాలం ఇస్తారో కొనేముందే చెప్పాలి. చాలా చిన్న కోరికలు. కానీ ఒక్కొక్కదాన్నీ పెట్టె విప్పిన ఐదు నిమిషాల్లో నేను పరీక్షించగలను, కోడు చూపించమని ఎవరినీ బతిమాలనవసరం లేదు. పట్టుకోవలసినవాడు ఎవరో తెలుసు, వాడికి చిరునామా ఉంది, తప్పు జరిగిన చోటూ చట్టం పట్టు దొరికిన చోటూ ఒక్కటే. ఐరోపా సైబర్ రెజిలియెన్స్ చట్టం ఇదే దారిలో ఇంకా దూరం వెళ్తోంది, ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరులో అమలవుతాయి. ఉచితంగా కోడు రాసి పంచే స్వచ్ఛంద రచయితల మీద ఆ భారం పడకుండా మినహాయింపు రాయించడానికి పెద్ద పోరాటమే జరిగింది.

అయితే బయటి పరీక్షకూ ఒక హద్దుంది. ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లలోని సాఫ్ట్‌వేరు, స్టీరింగు కదలికను, వేగాన్ని, ఇంజను నడుస్తున్న సమయాన్ని చూసి "ఇది పరీక్ష" అని పసిగట్టి, అప్పుడు మాత్రమే పొగను పూర్తిగా శుద్ధి చేసేది. రోడ్డు మీద కొన్ని కార్లు పరిమితికి 40 రెట్ల వరకు నైట్రోజన్ ఆక్సైడ్లను వదిలాయి. పరిశోధకులు కొలిచే పరికరాన్ని కారు వెనక తగిలించుకుని నిజంగా రోడ్ల మీద నడిపాకే తేడా కనిపించింది, 2015లో సంస్థ 1.1 కోట్ల కార్ల సంగతి ఒప్పుకుంది. మీ విమానం, మందు పోలికకు నా అభ్యంతరం ఇక్కడ: తనను పరీక్షిస్తున్నారని మాత్రకు తెలియదు.

వ్యాఖ్య: జిజ్ఞాసువు

ఆఖరి వాక్యాన్ని మీ అనుమతితో వ్యాసంలో పెట్టుకుంటాను. చివరిగా ఒక సందేహం. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్నారు, బ్రిటన్‌లో అదే ఏడాది జూలై నుంచి కొన్ని రకాల సైట్లకు వయసు తనిఖీ తప్పనిసరి అయింది. పాత కోడు గారి కొలతతో చూస్తే ఇక్కడ కూడా పట్టుకోవలసిన సంస్థ తెలుసు, దానికి చిరునామా ఉంది. మరి ఇది పనిచేసే రకం కిందికి వస్తుందా?

వ్యాఖ్య: తంత్రీజాలం

సగమే వస్తుంది. సంస్థను పట్టుకోవడం వరకు సరే, కానీ పరీక్ష పడేది సంస్థ మీద కాదు, వాడేవారి మీద. తనకు 16 నిండలేదని ఏ పిల్లవాడూ నిరూపించుకోడు, కాబట్టి నిండాయని పెద్దవాళ్లందరూ నిరూపించుకోవాలి. బ్రిటన్‌లో నియమం వచ్చిన రోజుల్లోనే వీపీఎన్‌ల (వేరే దేశం నుంచి చూస్తున్నట్టు కనిపించేలా చేసే సేవల) వాడకం పెరిగిందంటే, తనిఖీని దాటాలనుకున్నవారు దాటారన్నమాట. దాటనివారి గుర్తింపు కార్డులు ఎక్కడో ఒకచోట పోగుపడతాయి. 2025 అక్టోబరులో, డిస్కార్డ్ అనే ఆన్‌లైన్ ముచ్చట్ల వేదిక తరఫున పనిచేసే బయటి సేవాసంస్థ నుంచి సుమారు 70,000 మంది గుర్తింపు కార్డుల చిత్రాలు బయటపడి ఉండవచ్చని డిస్కార్డే చెప్పింది, వాటిలో వయసు వివాదాల కోసం పంపినవి ఉన్నాయి. ఆస్ట్రేలియా చట్టం ఈ ప్రమాదాన్ని కొంత ఊహించింది: ప్రభుత్వ గుర్తింపు కార్డును ఏకైక మార్గంగా అడగకూడదని, వయసు తేల్చడానికి సేకరించిన సమాచారాన్ని పని పూర్తయ్యాక నాశనం చేయాలని రాసింది. మీరు ఏ దేశపు చట్టాన్ని తీసుకున్నా ముందు ఆ నాశనం చేసే నిబంధనను వెతకండి, అది ఉంటే ఎవరు తనిఖీ చేస్తారో చూడండి. నిజంగా తుడిచేశారో లేదో బయటినుంచి తెలుసుకునే పరీక్ష ఏదైనా పాత కోడు గారి దగ్గర ఉంటే నాకూ చెప్పమనండి.

వ్యాఖ్య: పాత కోడు

లేదండీ. సర్వరు గదిలోకి రానిచ్చి, బ్యాకప్పులు కూడా చూపించాలి. ఇంతవరకు నన్ను బ్యాకప్పుల దాకా రానిచ్చినవారు ఇద్దరే.